యాభై ఒక్క కిలోల లోడు

డోన్ జంక్షన్‌లో రైలు దిగేసరికి ఉదయం ఆరు ఇరవై. ఏప్రిల్ నెల. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచీ అప్పటికే వెచ్చగా ఉంది. నా సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, టైరులో గాలి చూసే గేజీలు రెండు, టైరు గాడి ఎంత లోతుందో కొలిచే పనిముట్టు ఒకటి. తుపాకీ లేదు.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. నేను సైన్యంలో ఇరవై రెండేళ్ళు బండి తోలి, హవల్దారుగా ఇంటికొచ్చినవాణ్ణి. మా వీధిలో ఎక్కడ కూర్చున్నా "ఏమప్పా, బార్డర్‌లో ఏం జరిగిందో చెప్పు" అంటారు. మంచులో బండి తోలిన కథలున్నాయి, అవీ చెబుతాను. కానీ నా సర్వీసు మొత్తంలో నాకు బాగా ఇష్టమైన డ్యూటీ ఏదంటే మన కర్నూలు, కడప జిల్లాల్లో నలభై రోజులు టైర్లు పరీక్షించిన డ్యూటీ. నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి, మళ్ళీ మధ్యలో ఆపొద్దు.

ఆర్డరు రెండు పేజీలు. రెండు జీపులు, ఒకే ఇంజను, ఒకే వయసు. ఒకదానికి మామూలు రోడ్డు టైర్లు. రెండోదానికి అన్ని రకాల దారులకూ పనికొస్తాయని చెప్పే ఆల్ టెర్రైన్ టైర్లు. అంత పేరు నోరు తిరగక మేము వాటిని ఏటీ టైర్లనేవాళ్ళం. రెండింటినీ హైవే మీదా, రాళ్ళ దారిలోనూ తోలాలి. గాలి, వేడి, అరుగుదల, బ్రేకు, డీజిలు అన్నీ రాయాలి. చివర్లో ఈ టైరు మన జవాన్ల బండ్లకు పనికొస్తుందో లేదో చెప్పాలి. హైవే, రాయి, ఎండ మూడూ ఒక్కచోట దొరకాలని పైవాళ్ళు పటం మీద వేలు పెడితే ఆ వేలు ఇక్కడ పడింది.

మేము నలుగురం. సుబేదార్ సాబ్‌ది మరాఠా దేశం. తెలుగు జవాన్ల మధ్య పదేళ్ళు ఉండి తెలుగు నేర్చాడు, కానీ ఆర్డరు చదివినట్టు మాట్లాడతాడు. మెకానిక్‌ది వేలూరు పక్క. రోజుకు పది మాటలు ఖర్చు పెడితే ఎక్కువ. రెండో జీపు డ్రైవరు శ్రీకాకుళంవాడు, మెకానిక్ మిగిల్చిన మాటలన్నీ వాడే వాడేసేవాడు. ఏటీ టైర్ల జీపు నాది. స్టేషను బయట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని ఏడు గంటలకు డ్యూటీలో చేరాను. సొంత జిల్లాల్లో యూనిఫాం వేసుకుని తిరగడం ఇరవై రెండేళ్ళలో అదే మొదటిసారి. ఆ ఆనందం దాచుకోవడం నావల్ల కాలేదు, దాచుకోనూ లేదు.

మొదటి పన్నెండు రోజులు హైవే. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప. కడపలో కారం దోసె, గంట విశ్రాంతి, మళ్ళీ వెనక్కి. టైర్లలో గాలి ముప్పై అయిదు పౌండ్లు. వేగం ఎనభై. మధ్యాహ్నం రెండుకు రోడ్డు మీద చెయ్యి పెడితే బొబ్బ లేచేలా ఉండేది.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. హైవే మీద ఏటీ టైరు గొప్పేమీ కాదు. దాని ఒంటినిండా లోతైన గాళ్ళు, మందమైన దిమ్మలు. ఆ దిమ్మలు తారును కొడుతుంటే అరవై దాటగానే మోత మొదలవుతుంది. డీజిలు ఎక్కువ తాగుతుంది. గాళ్ళలో ఇరుక్కున్న కంకర ఎగిరి బండి అడుగున ఠంగుమని తగులుతుంది. రోడ్డు తడిపి బ్రేకు పరీక్ష చేస్తే నా జీపు రెండో జీపుకంటే అయిదడుగులు ముందుకెళ్ళి ఆగింది. సుబేదార్ సాబ్ టేపుతో రెండుసార్లు కొలిచి రాసుకున్నాడు.

రేడియోలో శ్రీకాకుళంవాడు ఊరుకునేవాడు కాదు.

"ఒకటో నంబరూ, ఆ గుయ్యి మోతేటి? బండిలో తేనెటీగల్ని పెంచుతున్నావేటి? ఓవర్."

"మగ్గాల మోత అది. నీకు తెలీదులే. ఓవర్."

నిజంగానే నాకు ఆ మోత అలాగే వినిపించేది. మాది కడప జిల్లాలో నేతపనివాళ్ళ ఊరు. పొద్దున మా వీధిలో పది మగ్గాలు కలిసి ఆడితే అచ్చం అదే మోత. మా ఇంట్లో మగ్గం గుంటలోకి దిగకుండా స్టీరింగు పట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. చివరికి మగ్గమే నా వెనకాల పడి వచ్చిందని మా అన్నకు ఫోన్లో చెబితే చాలాసేపు నవ్వాడు.

ఒక ఆదివారం సెలవిచ్చారు. మహానంది వెళ్ళి కోనేట్లో మునిగాం. ఊటనీళ్ళు, చల్లగా, అడుగున గులకరాయి కూడా కనిపించేంత తేటగా ఉన్నాయి. సుబేదార్ సాబ్ గడ్డం దాకా నీళ్ళలో నిలబడి, "ఇక్కడ వేడి ఎంత అని రాయను. సెలవు" అన్నాడు. ఆయన వేసిన జోకు ఆ నలభై రోజుల్లో అదొక్కటే.

పదమూడో రోజు రాళ్ళ దారికి మారాం. బేతంచెర్ల వైపు ఎర్రమల కొండల్లో నల్లగుట్ట కొట్టాల అని నలభై ఇళ్ళ పల్లె. బస్సు ఆగే క్రాసు దగ్గర తారు రోడ్డు వదిలి తొమ్మిది కిలోమీటర్లు ఎక్కాలి. ఒకప్పుడు క్వారీ లారీలు తిరిగిన దారి. క్వారీ మూతపడింది, దారి మిగిలింది. నేలంతా విరిగిన నాపరాయి పలకలు, నిలబడి ఉన్న కత్తుల్లాంటి అంచులు. మధ్యలో ఒక వంక, వానొస్తేనే పారే వాగు.

రాళ్ళ మీద గాలి లెక్క వేరు. ముప్పై అయిదు ఉంటే టైరు గట్టిగా బిగిసి రాయి మీద నుంచి జారుతుంది, ఎగురుతుంది, తెగుతుంది. ఇరవై రెండుకు దించితే మెత్తబడి రాయిని పట్టుకుని ఎక్కుతుంది. చూసేవాళ్ళకు మాత్రం నాలుగు టైర్లూ పంక్చరైనట్టు కనిపిస్తాయి.

అక్కడే మాబాషా మా కథలోకి వచ్చాడు. క్రాసు దగ్గర రేకుల షెడ్డులో పంక్చర్ల షాపు అతనిది. యాభై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూసిన రోజునుంచి టీకి డబ్బులివ్వనివ్వడు. మూడో రోజు పొద్దున షాపు ముందు జీపులు నిలిపి, రెండింటికీ ఇరవై రెండుకు గాలి దించి, పక్కన పూరీలు తింటున్నాం. తిని వచ్చి బండెక్కాం. కిలోమీటరు కూడా పోలేదు. జీపు ఒక పలక మీద నుంచి ఇంకో పలక మీదికి గంతులు వేసింది. సుబేదార్ సాబ్ ఫ్లాస్కు పగిలింది. ఆయన టోపీ ఎగిరి తుమ్మచెట్టుకు తగులుకుంది. ఒక ముందు టైరు దిమ్మ రూపాయి బిళ్ళంత ఊడిపోయింది. దిగి గేజి పెట్టాను. నలభై అయిదు.

వెనక్కి వచ్చేసరికి మాబాషా చేతులు తుడుచుకుంటూ, బహుమతి కోసం నిలబడ్డవాడిలా నవ్వుతున్నాడు.

"నాలుగు టైర్లూ చప్పగా కనపడితే కడుపు తరుక్కపాయె సార్. మీరు తినేలోపల రెండు బండ్లకూ ఫుల్లుగా కొట్టేసినా. దుడ్లు గిడ్లు ఏం వద్దు. మిలిటరీవాళ్ళ కాడ గాలికి దుడ్లు తీసుకుంటానా?"

సుబేదార్ సాబ్ లాగ్ బుక్కు తీసి ఆ పేజీకి అడ్డగీత కొట్టాడు. ఆ రోజు పరీక్ష మొత్తం కొట్టేయాల్సి వచ్చింది. చివరికి, "మాబాషా. మీరు మంచివారు. ఇకమీదట నా ఆర్డరు లేకుండా ఈ బండికి గాలి పట్టరాదు" అన్నాడు. మాబాషా ముఖం టైర్లకంటే చప్పగా అయిపోయింది. బండెక్కే ముందు గేజి పెట్టి చూడకపోవడం నా తప్పు. రిపోర్టులో నా పేరు మీదే రాయించాను.

ఆ తర్వాత రాయి మీద మా రాజ్యం వచ్చింది. రెండో జీపు రోడ్డు టైర్ల పక్క గోడలు చిరిగి వారంలో రెండుసార్లు కూలబడింది. నేను రేడియో తీసుకున్నాను.

"రెండో నంబరూ, ఇప్పుడు అసలేం మోత లేదే. బండి పడుకుందా? ఓవర్."

"వినపడ్డం లేదు. ఓవర్."

చక్కగా వినపడుతోంది. వాడికి వినాలని లేదు, అంతే.

కొట్టాలలో మా మకాం అంగన్‌వాడీ పక్క వరండా. అంగన్‌వాడీలో ఆయా లక్ష్మీదేవి, ఊరంతా లచ్చుమ్మ అంటారు. ముప్పై ఎనిమిదేళ్ళు. భర్త గొర్రెలు కాస్తాడు. మొదటి రోజే మజ్జిగ చెంబు తెచ్చి పెట్టింది. రెండో రోజు మజ్జిగతోపాటు పదో తరగతి లెక్కల పుస్తకం తెచ్చింది.

"సార్, మీరు దినాము కొలుస్తాంటారు, రాస్తాంటారు. లెక్కలు బాగా వస్తాయి గదా మీకు?"

విషయం ఇది. అక్కడి టీచరమ్మ వేరే ఊరికి మారిపోయింది. పదో తరగతి పాసైతే ఆ పోస్టు లచ్చుమ్మకే ఇస్తామన్నారు. ఆమె ప్రైవేటుగా కట్టి అన్నీ పాసైంది, లెక్కలు తప్ప. లెక్కల్లో రెండుసార్లు పోయింది. ఇది మూడోసారి. ఈసారీ పోతే బయటి ఊరి మనిషిని వేస్తారు. పదిహేనేళ్ళుగా ఆ పిల్లలకు ముక్కులు తుడిచింది ఆమె, అక్షరాలు నేర్పిందీ నిజానికి ఆమే.

సుబేదార్ సాబ్ ఆర్డరు వేసినట్టే రోజూ సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా పాఠం పెట్టాడు. ఆమెకు పెద్ద భయం చక్రం లెక్క. వ్యాసార్థం ఇంత, దూరం ఇంత, చక్రం ఎన్నిసార్లు తిరుగును? సుబేదార్ సాబ్ ఆమెను జీపు దగ్గరికి తీసుకెళ్ళాడు. టైరు ఎత్తు కొలిపించాడు. డెబ్బై సెంటీమీటర్లు. చుట్టుకొలత రెండు మీటర్ల ఇరవై అని ఆమె లెక్క కట్టింది. మెకానిక్ టైరు మీద సుద్దగీత పెట్టి, జీపును ఒక్క చుట్టు తోసి నేల మీద కొలిచాడు. అయిదు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది.

లచ్చుమ్మ మొదట తన కాగితాన్ని, తర్వాత టైరును, తర్వాత సుబేదార్ సాబ్‌ను చూసింది.

"గాలి దించినారు గదా సార్, దానికే తక్కువొచ్చినాది. పుస్తకంలో టైరుకు గాలెంతుండాదో రాయనేల్యా. మరి లెక్క తప్పు పోకుండా యట్లుంటాది?"

మెకానిక్ గట్టిగా నవ్వాడు. అతని నవ్వు మేమెవరమూ అంతవరకు వినలేదు. ఆ రోజునుంచి చక్రం లెక్కంటే ఆమెకు భయం పోయింది. పుస్తకం రాసినవాళ్ళనే తప్పు పట్టడం మొదలుపెట్టింది.

ఆఖరి పరీక్ష ముప్పై తొమ్మిదో రోజు. ఆర్డరు ప్రకారం మూడు వందల కిలోల లోడుతో కొట్టాల నుంచి తొమ్మిది కిలోమీటర్లు రాళ్ళ దారి దిగాలి. క్రాసులో గాలి పెంచుకుని అవే టైర్లతో అరవై ఆరు కిలోమీటర్లు రోడ్డు మీద కర్నూలు చేరాలి. లోడు ఆరు ఇసుక బస్తాలు, ఒక్కోటి యాభై కిలోలు. రెండో జీపు బాగు చేయించుకుని కర్నూలు దగ్గర మాకోసం కాసుకుని ఉంది.

అదే రోజు లచ్చుమ్మకు లెక్కల పరీక్ష. సెంటరు కర్నూల్లో పడింది. ఉదయం తొమ్మిదికి గేటు మూస్తారు. రాయాల్సింది ఆ ఒక్క పరీక్షే కాబట్టి అంతవరకు అంగన్‌వాడీ పిల్లల్ని చూసుకుంటూ ఊళ్ళోనే ఉంది. ముందురోజు సాయంత్రమే దిగి కర్నూల్లో అక్క ఇంట్లో పడుకోవాలని ఆమె ఏర్పాటు.

ముందురోజు సాయంత్రం అయిదు నలభైకి గాలివాన మొదలైంది. గంటన్నర కొట్టింది. ఊరికి కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, వంక పారింది. లచ్చుమ్మ సంచీ తీసుకుని బయటికొస్తూ తడి పలక మీద జారింది. చీలమండ గుమ్మడికాయలా వాచింది.

పొద్దున అయిదున్నరకు ఆమె గుమ్మంలో కూర్చుని ఉంది. మోటారుసైకిలు వంక దాటదు. నడవలేదు. ఏడవడం లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. పుస్తకం మాత్రం ఒళ్ళో ఉంది.

"పోనీలే సార్. నా రాత ఇంతే అనుకుంటా" అంది.

నేను సుబేదార్ సాబ్ వైపు చూశాను. ఆయన ఆర్డరు కాగితం తీసి మొదటి పేజీ చదివాడు. రెండో పేజీ చదివాడు. మళ్ళీ మొదటి పేజీ చదివాడు.

"హవల్దార్. లోడు మూడు వందల కిలోలు అని ఉంది. ఇసుక అని ఎక్కడ ఉంది?"

"ఎక్కడా లేదు సాబ్."

"అమ్మా. మీ బరువు ఎంత?"

అంగన్‌వాడీలో తల్లుల బరువు చూసే మిషను ఉంది. లచ్చుమ్మ ఒంటికాలి మీద ఎక్కింది. యాభై ఒకటి. మెకానిక్ ఒక బస్తా దించాడు. సుబేదార్ సాబ్ ఇంకా కదల్లేదు.

"ఒక కిలో ఎక్కువ" అన్నాడు.

మెకానిక్ ఇంకో బస్తా మూతి విప్పి, అంగన్‌వాడీ తక్కెడలో కిలో ఇసుక తూచి తీసి పక్కన పోశాడు. లాగ్ బుక్కులో రాత: 6:12. లోడు 300 కిలోలు. గాలి 22. బయలుదేరినాము.

ఆ దిగుడు నేను ఇప్పటికీ రాయి రాయిగా చెప్పగలను. తడి నాపరాయి సబ్బు రాసినట్టుంటుంది. మొదటి గేరు, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజను పట్టుమీదే దించాను. మెత్తటి టైరు పలక అంచు మీద వంగి, పట్టుకుని, వదిలింది. ఒక్కసారి కూడా జారలేదు. వంకలో నీళ్ళు ఇరుసు దాటి వచ్చాయి. అడుగున గుండ్లు దొర్లుతున్నాయి. లచ్చుమ్మ వెనక బస్తాల మధ్య కూర్చుని సూత్రాలు పైకి చదువుతోంది. వంక మధ్యలో గొంతు పెంచింది. దేవుడి పేరు తలుచుకుంటోందనుకున్నాను. తర్వాత విన్నాను, త్రికోణమితి.

క్రాసు చేరేసరికి ఏడు ఇరవై నాలుగు. ఒక్క కోత లేదు, ఒక్క దిమ్మ ఊడలేదు. నాకు ఈల వేయాలనిపించింది. అప్పుడే మెకానిక్ బండిలోని కంప్రెసర్ ఆన్ చేశాడు. పొగ వచ్చింది. రాత్రి వాన లోపలికి దిగి మోటారు కాలిపోయింది.

మాబాషా షాపులో పెద్ద కంప్రెసర్ ఉంది. కరెంటు లేదు.

ఇరవై రెండు గాలితో తారు రోడ్డు మీద గంటకు ముప్పై అయిదు కిలోమీటర్లకు మించి తోలకూడదు. మెత్తటి టైరు వేగంగా తిరిగితే మడతపడి మడతపడి వేడెక్కి పగులుతుంది. ఆ వేగంతో కర్నూలు చేరేసరికి తొమ్మిది దాటి ఇరవై నిమిషాలు. బస్సు ఎనిమిదికి వస్తుంది, రెండు గంటలు పడుతుంది. నేను లెక్క పైకి అనలేదు. లచ్చుమ్మే అనేసింది. దూరం, వేగం, కాలం లెక్కలు ఆమెకు అప్పటికి బాగా వచ్చు.

"అందదు సార్" అంది.

మాబాషా షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లోపల అతని కాలుపంపు నాకు కనపడుతోంది.

"మాబాషన్నా, పంపు తీయ్" అన్నాను.

"సార్ గాలి పట్టొద్దన్యాడప్పా. ఆర్డరు కావల్ల."

సుబేదార్ సాబ్ సావధాన్‌లో నిలబడ్డాడు. నిజంగానే మడమలు కలిపాడు.

"మాబాషా. ఆర్డర్. గాలి పట్టండి. నాలుగు టైర్లు. ముప్పై అయిదు."

అంత ఆనందంగా ఒక మనిషి పంపు కోసం పరుగెత్తడం నేను మళ్ళీ చూడలేదు. కాలుపంపు ఒకటి. పాత సైకిలు పంపు ఒకటి. బస్సు కోసం నిలబడ్డవాళ్ళలో ఒక రైతు తన ట్రాక్టరు పెట్టెలోంచి ఇంకోటి తెచ్చాడు. మూడు పంపులు, నాలుగు టైర్లు. జీపు టైరుకు చేతిపంపుతో గాలి కొట్టడమంటే రెండు వందల పోట్లకు తక్కువ కాదు. మూడు నిమిషాలకు నా చొక్కా తడిసి ముద్దయింది.

"ఎవరికి పరీక్ష? ఈ యమ్మకా?" అని అడిగింది బస్సు కోసం కూర్చున్న ఒక ముసలామె. మహానంది పోవడానికి కొబ్బరికాయల సంచితో వచ్చింది. విషయం విన్నది. సంచీ కింద పెట్టింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపింది.

"జరుగు నాయనా. శివయ్య యాడికీ పోడులే. ముందు ఈ గాలి సంగతి చూస్తా."

ఇక ఎవరూ ఆగలేదు. పదిమంది, పన్నెండుమంది, వంతులు వేసుకున్నారు. ఒకరు యాభై పోట్లు కొట్టి పక్కకు జరిగితే ఇంకొకరు. లెక్క అందరూ కలిసి గట్టిగా చెబుతున్నారు. ఒక టైరు దగ్గర తెలుగులో, ఒకదాని దగ్గర ఉర్దూలో, మూడోదాని దగ్గర తండా ఆడవాళ్ళు వాళ్ళ భాషలో. సైకిలు పంపు గొట్టం వదులై గాలి తప్పించుకుంటుంటే లచ్చుమ్మ కుంటుకుంటూ వచ్చి టైరు పక్కన నేల మీద చతికిలబడింది. గొట్టం మూతిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది.

"కొట్టప్పా నువ్వు. నేను పట్టుకుంటాండా. వదల్ను."

"ఇరవై ఆరు" అన్నాడు మెకానిక్ గేజి చూసి. "ముప్పై." కాసేపటికి, "ముప్పై నాలుగు." మాబాషా ఒక్కో టైరుకు ఆఖరి పోట్లు తనే కొట్టాడు, ఎవరినీ కొట్టనివ్వలేదు. నాలుగు ముప్పై అయిదులు అయ్యేసరికి ఏడు నలభై ఎనిమిది. ముసలామె చప్పట్లు కొట్టింది. నేను మా గెలుపులకు బ్యాండు మేళాలు విన్నాను, ఏవీ ఆ చప్పట్లకు సాటి రావు.

డెబ్బై మీద తోలాను. మగ్గాల మోత ఎత్తుకుంది. రోడ్డు తడి, గొర్రెల మంద ఒకటి అడ్డం. ఏటీ టైరు తడిలో ఆలస్యంగా ఆగుతుందని మొదటి పన్నెండు రోజులు నేర్పిన పాఠం అప్పుడు పనికొచ్చింది. చాలా ముందే వేగం తగ్గించాను. కర్నూలు దగ్గర పడుతుండగా రేడియో పలికింది.

"ఒకటో నంబరూ, ఎక్కడున్నావు? లోడు ఎంత? ఓవర్."

"మూడు వందలు. అందులో యాభై ఒకటి లెక్కలు చదువుతోంది. ఓవర్."

రేడియో రెండుసార్లు గరగరలాడింది.

"మళ్ళీ చెప్పు. ఓవర్."

చెప్పాను. వాడు సెంటరు దాకా ముందు జీపులో హారను కొట్టుకుంటూ దారి చూపించాడు. స్కూలు గేటు దగ్గర మెకానిక్, నేను ఆమెను చెరో రెక్కా పట్టి దించాం. ఆమె వెనక్కి కూడా చూడకుండా, హాల్ టికెట్టు పళ్ళతో పట్టుకుని, కుంటుకుంటూ లోపలికి పోయింది. సుబేదార్ సాబ్ వాచీ చూసి రాశాడు: 8:54. కర్నూలు. 51 కిలోలు దిగినవి. మిగిలిన లోడు 249 కిలోలు.

ఆ రాత మీద తర్వాత పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఆ యాభై ఒక్క కిలోలు దారిలో ఎందుకు దిగినవి అని అడిగారు. సుబేదార్ సాబ్ ఒకే ముక్కలో జవాబు రాశాడు: "పరీక్ష ఉన్నందున." ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

మా రిపోర్టు మాత్రం సూటిగా వెళ్ళింది. ఏటీ టైరు హైవే మీద మోత చేస్తుంది, డీజిలు తాగుతుంది, తడిలో ఆలస్యంగా ఆగుతుంది. రాయి మీద దాన్ని మించింది లేదు. రెండు దారులూ ఉన్నచోట వాడదగినది, గాలి విషయం తెలిసినవాడు డ్రైవరైతే. ఆఖరి ముక్క నాది. సుబేదార్ సాబ్ కొట్టేయలేదు.

నలభయ్యో రోజు సామాను సర్దుకుని డోన్‌లో రైలెక్కాం. మాబాషా స్టేషనుకు వచ్చి ఒక డజను ఉడకబెట్టిన గుడ్లు కిటికీలోంచి ఇచ్చాడు. రెండు నెలలకు, నేను యూనిట్లో నా ఆఖరి వారం లెక్కపెట్టుకుంటుండగా, అతని ఫోను వచ్చింది. హలో కూడా చెప్పనివ్వలేదు.

"సార్, పాసైండాది! మా లచ్చుమ్మ పాసైండాది! ఉండండి, ఈడనే ఉండాది, ఇస్తాండా."

లచ్చుమ్మ గొంతు నిండా నవ్వు.

"నలభై ఆరు మార్కులు సార్. పెద్ద సారుకు గూడా చెప్పండి, చక్రం లెక్క రానేల్యా!"

నేను నవ్వు ఆపుకోలేక మంచం మీద కూలబడ్డాను. ఆమె ఆగలేదు.

"ఇంగొకటి చెప్పల్ల మీకు. ఆ పొద్దు చేతులు కడుక్కునేకి టైం ల్యాకపాయె. టైరు మసి అట్లనే ఉండిపాయె. పేపరు తిప్పినప్పుడల్లా నల్లగా నా వేలిముద్రలే. మా యమ్మ రేషన్ షాపులో ఒక్క ముద్ర ఏసి ఇంటికొచ్చేది సార్. నేను ప్రతి పేజీకీ ఏసినా. దాని పక్కన లెక్కలు గూడా చేసినా."

ఆ పేపరు నేను చూడలేదు. ఏ ఊళ్ళో ఏ మాస్టరు దిద్దాడో తెలియదు. మంచు కొండల మలుపులు ఒక్కొక్కటే మరుపులోకి జారిపోతున్నాయి, నాకేం దిగులు లేదు. ఆ కాగితం మాత్రం పోదు. గీతల తెల్ల కాగితం, నీలం సిరాతో వరసగా దిగిన లెక్క, సరైన జవాబు కింద రెండు గీతలు, అంచున మా జీపు టైరు మసితో పడ్డ ఒక బొటనవేలు.